గుంటూరు గ్రహణం - పట్టికలో చోటు దొరకని మూలకం

వార్షిక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని మన కార్యదర్శిగారు అడిగారు. నవాబుల గురించో, పాత కట్టడాల గురించో రాస్తానని ఆయన అనుకున్నారు కాబోలు. కాని నేను ఉద్యోగం చేసినంత కాలం హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పినవాణ్ణి. నాకు చేతనైనది సైన్సు చరిత్రే. అందులోనూ నాకొక పాత బాకీ ఉంది. దాన్ని ఈ వ్యాసంతో తీర్చుకుందామని అనుకుంటున్నాను.

చాలా ఏళ్ళ కిందటి మాట. తరగతి గోడకు మూలకాల ఆవర్తన పట్టిక తగిలించి, పిల్లల చేత హైడ్రోజన్, హీలియం, లిథియం అని వల్లె వేయిస్తున్నాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, "సార్! ఇన్ని గడుల్లో మన దేశంలో కనిపెట్టింది ఒక్కటైనా ఉందా?" అని అడిగింది. "లేదమ్మా, కూర్చో" అన్నాను. కొన్నేళ్ళ తర్వాత ఒక పుస్తకంలో గుంటూరు, గ్రహణం, హీలియం అనే మూడు మాటలు ఒక్కచోట చదివాను. అప్పటినుంచి ప్రతి ఏడూ పిల్లలతో, "హీలియం మన గుంటూరులోనే కనిపెట్టారు, తెలుసా!" అని గొప్పగా చెప్పాను. రిటైరయ్యాక తీరిగ్గా చదువుకుంటే తెలిసిందేమంటే, నా మొదటి జవాబు తప్పు. రెండో జవాబు కూడా పూర్తిగా ఒప్పు కాదు. అసలు సంగతి ఈ రెంటికంటే బాగుంది. ఆ అమ్మాయి ఈపాటికి పిల్లల తల్లి అయి ఉంటుంది. ఆమె కంట పడినా పడకపోయినా, మన పిల్లలకైనా సరైన జవాబు అందాలి గదా.

పంచభూతాలు, అనాసిర్, పొయ్యి బూడిద

ఈ లోకం వేటితో తయారయిందన్న ప్రశ్న ఈనాటిది కాదు. మన దేశంలో పంచభూతాలన్నారు. గ్రీకులు నిప్పు, గాలి, నీరు, మన్ను అని నాలుగు చెప్పారు. అరబ్బీ, ఫారసీ గ్రంథాల్లో వాటినే అనాసిర్ అన్నారు. నేటికీ ఉర్దూలో మూలకాన్ని ఉన్సుర్ అంటారు. 1918లో హైదరాబాదులో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మాధ్యమంతో మొదలైనప్పుడు రసాయన శాస్త్రపు పాఠాలు ఇలాంటి మాటలతోనే సాగాయి.

అయితే నాలుగు పేర్లు చెప్పి ఊరుకోకుండా, వస్తువులను చేతిలోకి తీసుకుని, కాల్చి, కరిగించి, వాటి నడవడిని బట్టి జాతులుగా విడదీసినవారు కొందరున్నారు. వారిలో ముఖ్యుడు అబూబక్ర్ అల్‌రాజీ. నేటి టెహరాన్ పక్కనున్న రయ్ పట్టణం ఆయనది. సుమారు 865 నుండి 925 వరకు జీవించాడు. వైద్యుడుగా ప్రసిద్ధుడు. ఆయన ఖనిజాలను ఆరు తరగతులు చేశాడు. వేడి తగిలితే ఎగిరిపోయే పాదరసం, గంధకం, నవాసారం వంటివి ఒకటి, బంగారం, వెండి, రాగి, ఇనుము వంటి లోహాలు ఒకటి, రాళ్ళు ఒకటి, మైలుతుత్తం, అన్నభేది వంటివి ఒకటి, వెలిగారం జాతి ఒకటి, ఉప్పులు ఒకటి. ఇందులో మూలకాలూ ఉన్నాయి, వాటి కలయికలూ ఉన్నాయి. ఈనాటి పట్టికకూ దీనికీ చాలా దూరం. కాని వస్తువు పేరునో దాని ధరనో కాక, అది ఎలా ప్రవర్తిస్తుందో చూసి వరసలో పెట్టాలన్న పద్ధతి ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది.

ఆ కాలపు మాట ఒకటి నేటి పట్టికలో కూడా దాగి ఉంది. పొటాషియం గడిలో ఇంగ్లీషు అక్షరం 'కె' ఉంటుంది. పేరు 'పి'తో మొదలవుతుంటే అక్షరం 'కె' ఎందుకని పిల్లలు అడుగుతారు. దాని లాటిన్ పేరు కాలియం. అది అరబ్బీలోని అల్‌ఖలీ నుండి వచ్చింది. అల్‌ఖలీ అంటే మొక్కలను కాల్చగా వచ్చిన బూడిద. క్షారాలకు ఇంగ్లీషు వాళ్ళు వాడే 'ఆల్కలీ' కూడా అదే మాట. కోనసీమలో మనకు ఇది కొత్త సంగతి కాదు. మన నానీమాలు కొబ్బరి డొక్కలు, మట్టలు కాల్చిన బూడిదతో అంట్లు తోమేవారు. జిడ్డు వదిలించింది ఆ బూడిదలోని పొటాషియం క్షారమే. కొబ్బరి చెట్టు ఈ మూలకాన్ని అంతగా పీల్చుకుంటుంది కనుకనే, నేడు మన తోటల్లో దానికి పొటాష్ ఎరువు వేస్తాం.

తూకం వేసి వరసలో పెట్టడం

1789లో ఫ్రాన్సు దేశపు లవోయిజర్ 33 మూలకాల జాబితా ఇచ్చాడు. అందులో వెలుతురునూ, వేడినీ కూడా మూలకాలుగా లెక్కవేశాడు! 1807లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ విద్యుత్తు సాయంతో పొటాషియాన్నీ, కొద్ది రోజుల్లోనే సోడియాన్నీ విడదీశాడు. రెండూ మెత్తని లోహాలు. రెండూ నీళ్ళలో వేస్తే భగ్గుమంటాయి. అన్నదమ్ముల పోలిక.

ఇలాంటి పోలికలు చూసి జర్మనీలో డాబరీనర్ మూడేసి మూలకాలను ఒక గుంపు చేశాడు. తర్వాత మూలకాల పరమాణు భారాలు తెలిసే కొద్దీ, వాటిని భారం ప్రకారం వరసగా నిలబెట్టి చూశారు. లండన్‌లో న్యూలాండ్స్ అనే ఆయన ప్రతి ఎనిమిదో మూలకం మొదటిదాన్ని పోలి ఉందన్నాడు. సంగీతంలో సరిగమపదని తర్వాత మళ్ళీ 'స' వచ్చినట్లు. 1866లో ఆయన ఈ సంగతి కెమికల్ సొసైటీలో చదివితే, మూలకాలను అక్షర క్రమంలో పెట్టి చూశారా అని ఒక పెద్దమనిషి ఎగతాళి చేశాడు. ఎగతాళి అన్యాయమే. కాని న్యూలాండ్స్ వరసలో ఒక లోపం ఉంది. ఆయన ఎక్కడా ఖాళీ వదలలేదు. ఉన్నవాటితోనే గడులన్నీ నింపాలని, కొన్నిచోట్ల రెండేసి మూలకాలను ఒకే గడిలో ఇరికించాడు.

ఈ ఎగతాళి జరిగిన రెండేళ్ళకు మన దేశం మీద ఒక గ్రహణం వచ్చింది.

1868 ఆగస్టు 18

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అది కట్టిన 16 ఏళ్ళకు, 1868 ఆగస్టు 18 ఉదయం, సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ పడమటి తీరాన దేశంలోకి వచ్చి, దక్కను దాటి, గుంటూరు, బందరుల మీదుగా బంగాళాఖాతంలోకి పోయింది. ఆ పొద్దుట మన గోదావరి లంకల్లోనూ పట్టపగలే వెలుగు మందగించే ఉంటుంది. చాలామంది తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చున్న ఆ వేళ, కొందరు దుర్బిణీలు బిగించి ఆకాశంకేసి చూస్తున్నారు.

గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియర్ జాన్సెన్ ఒక ఫ్రెంచి వర్తకుడి మేడ మీద తన పరికరాలు పెట్టుకున్నాడు. అదే ఊళ్ళో ఇంగ్లీషు ఇంజనీరు దళానికి చెందిన మేజర్ టెనెంట్ ఉన్నాడు. బందరులో మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పోగ్సన్ ఉన్నాడు. ఆ అబ్జర్వేటరీలోనే పనిచేసే చింతామణి రఘునాథాచారి అనే మన దేశస్థుడు నిజాం రాజ్యంలోని వనపర్తి వెళ్ళాడు. పడమటి వైపు జంఖండిలో జాన్ హెర్షెల్, దూరాన మలయా ద్వీపకల్పంలో ఫ్రెంచివాడైన రాయెట్ ఉన్నారు.

వాళ్ళు చూడదలచుకున్నదేమిటి? సూర్యుడు పూర్తిగా కప్పబడినప్పుడు అంచుల వెంట ఎర్రటి జ్వాలలు లేచి కనబడతాయి. అవి ఏ పదార్థంతో మండుతున్నాయో తెలుసుకోవాలి. అక్కడికి వెళ్ళి చూసేది లేదు. కాని వెలుతురును గాజు పట్టకం గుండా పంపి విడదీస్తే, ఒక్కొక్క మూలకం తనదైన రంగు గీతలు చూపిస్తుంది. జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ ఈ సంగతి అప్పటికి ఎనిమిది తొమ్మిదేళ్ళ కిందట రుజువు చేశారు. గ్యాసు పొయ్యి మీద ఉప్పు వేసిన చారు పొంగి పొర్లితే నీలి మంట ఒక్కసారిగా పసుపుపచ్చగా మారడం మన ఇళ్ళలో ఆడవాళ్ళందరూ చూసినదే. ఆ పసుపు ఉప్పులోని సోడియానిది. పట్టకం గుండా చూస్తే అది పక్కపక్కనే ఉన్న రెండు పసుపు గీతలుగా కనబడుతుంది. వేలిముద్ర లాంటిది.

ఆ ఉదయం సూర్యజ్వాలల్లో ప్రకాశవంతమైన గీతలు కనబడ్డాయి. అంటే జ్వాలలు మండే వాయువులే. ఎర్రనిది, నీలంది హైడ్రోజన్ గీతలని తేలింది. వీటితో పాటు ఒక పసుపు గీత కూడా ఉంది. పలుచోట్ల పలువురు దాన్ని చూశారు. పసుపు గనుక సోడియందే కాబోలు అని ఎక్కువమంది అనుకున్నారు. బందరులో పోగ్సన్ మాత్రం సోడియం గీత చోటనో లేక దానికి దగ్గరగానో అని జాగ్రత్తగా రాసుకున్నాడు. ఆ 'దగ్గరగానో' అన్న మాటలోనే అసలు కథంతా ఉంది.

జాన్సెన్ బుద్ధి ఇంకో దారిన పోయింది. గీతలు అంత కాంతిగా ఉన్నాయే, వీటిని చూడడానికి గ్రహణం ఎందుకు అనుకున్నాడు. మర్నాడు, ఆగస్టు 19న, గ్రహణం లేని మామూలు సూర్యుడి అంచునే తన పరికరంతో చూసి, ఆ గీతలను మళ్ళీ పట్టుకున్నాడు. గుంటూరులో నిజంగా జరిగిన ఘనకార్యం ఇది. ఇంతవరకు మనుషులకు గ్రహణం పట్టిన నాలుగైదు నిమిషాలే దొరికేవి; ఇక ప్రతి రోజూ చూడవచ్చు. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అనే ఆయన ఇదే పద్ధతిని సొంతంగా ఆలోచించి, అక్టోబరు 20న సాధించాడు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్ అకాడమీలో ఒకే రోజున చదివారు. ఎవరు ముందు అన్న తగువు పెట్టకుండా, ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలూ వేసిన పతకం ఒకటి పోయించింది.

పసుపు గీతను పట్టుకుని కూర్చున్నది లాకియర్. కొలిచి చూస్తే అది సోడియం గీతల పక్కనే ఉంది గాని వాటి మీద లేదు. రసాయన శాస్త్రజ్ఞుడైన ఫ్రాంక్‌లాండ్‌తో కలిసి హైడ్రోజన్‌ను రకరకాలుగా పరీక్షించినా ఆ గీత రాలేదు. భూమి మీద తెలిసిన ఏ మూలకమూ ఆ గీత ఇవ్వడం లేదు. కనుక ఇది కొత్తది అని వాళ్ళకు తోచింది. గ్రీకులో సూర్యుణ్ణి హీలియోస్ అంటారు. 1871 నాటికే హీలియం అన్న పేరు శాస్త్రజ్ఞుల సభలో వినబడింది. 'ఇయం' అని ముగిసే పేర్లు సోడియం, పొటాషియంల లాగా లోహాలకు పెడతారు. హీలియం ఏదో లోహమని అనుకుని పెట్టిన పేరది. ఆ పొరపాటు నేటికీ ఆ పేరులో నిలిచి ఉంది.

మెండలీవ్ వదిలిన ఖాళీ గడులు

గుంటూరు గ్రహణం జరిగిన ఆరున్నర నెలలకు, 1869 మార్చి 1న, రష్యాలో ద్మిత్రీ మెండలీవ్ తన మొదటి పట్టిక తయారు చేశాడు. అప్పటికి తెలిసిన 63 మూలకాలను పరమాణు భారం వరసలో పెట్టి, పోలిక ఉన్నవి ఒకచోటికి వచ్చేలా అమర్చాడు. న్యూలాండ్స్‌కూ ఈయనకూ తేడా ఏమిటంటే, పోలిక కుదరని చోట ఈయన బలవంతాన ఎవరినీ కూర్చోబెట్టలేదు. గడి ఖాళీగా వదిలి, ఇక్కడికి రావలసినవాడు ఇంకా రాలేదు అన్నాడు.

అంతటితో ఆగలేదు. 1871లో ఆ రాని అతిథుల రూపురేఖలు కూడా రాసి పెట్టాడు. ఇరుగు పొరుగు మూలకాల గుణాలు చూసి మధ్యనున్నదాని గుణం లెక్కకట్టాడు. వాటికి ఆయన పెట్టిన తాత్కాలిక పేర్లు వింటే మన చెవికి సొంత మాటలు తగులుతాయి. ఏక-అల్యూమినియం, ఏక-బోరాన్, ఏక-సిలికాన్. సంస్కృతంలోని ఏక, ద్వి, త్రి తీసుకుని, అల్యూమినియం తర్వాత ఒక గడి కిందిది అనే అర్థంలో వాడాడు.

1875లో ఫ్రాన్సులో గాలియం దొరికింది. అదే ఏక-అల్యూమినియం. కనిపెట్టిన లెకోక్ ద బ్వాబోద్రాన్ దాని సాంద్రత 4.7 అన్నాడు. మెండలీవ్ ఆ లోహాన్ని కళ్ళతో చూడకుండానే, అది సుమారు 5.9 ఉండాలి, శుద్ధి చేసి మళ్ళీ తూచండి అని రాశాడు. మళ్ళీ తూచితే 5.9 వచ్చింది! 1879లో స్వీడన్‌లో స్కాండియం, 1886లో జర్మనీలో జెర్మేనియం దొరికాయి. ఏక-సిలికాన్ పరమాణు భారం 72 ఉంటుందని మెండలీవ్ అంటే, జెర్మేనియం భారం సుమారు 72.6. ఇక పట్టికను నమ్మనివారు లేకపోయారు.

మరి సూర్యుడిలో కనబడిన హీలియం సంగతేమిటి? ఇంత గొప్ప పట్టికలో దానికి గడి లేదు. ఖాళీ గడి కూడా లేదు! మెండలీవ్‌తో సహా రసాయన శాస్త్రజ్ఞులు చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. దీనికి కారణం ఆలోచించదగినది.

మన ఇళ్ళలో దావత్ జరుగుతుంది. దస్తర్‌ఖాన్ పరిచి బంతిలో అందరూ కూర్చుంటారు. మధ్యలో ఒక చోటు ఖాళీగా ఉంటే ఎవరో రాలేదని వెంటనే తెలుస్తుంది. అటూ ఇటూ కూర్చున్నవారిని చూసి ఎవరు రాలేదో కూడా చెప్పవచ్చు. గాలియం కథ ఇదే. కాని ఒక కుటుంబం మొత్తానికే పిలుపు అందకపోతే, వాళ్ళ కోసం బంతే వేయరు. అక్కడ ఖాళీ కూడా కనబడదు. హీలియం అలాంటి కుటుంబంలోది. పట్టికలో నిలువు వరసలను మూలకాల సంయోగ శక్తిని బట్టి వేశారు. ఒకటితో కలిసేవి, రెంటితో కలిసేవి, మూడింటితో కలిసేవి అని. దేనితోనూ కలవని మూలకాలు కూడా ఉంటాయని అప్పుడు ఎవరి ఊహకూ రాలేదు. అసలు ఆ రోజుల్లో మూలకాన్ని గుర్తుపట్టేదే ఇతరులతో అది కలిసే తీరు చూసి. ఎవరితోనూ కలవనివాణ్ణి ఎవరు గుర్తుపడతారు?

ఒక కుటుంబం మొత్తం వచ్చింది

ఆ కుటుంబంలో ముందు భూమి మీద పట్టుబడింది ఆర్గాన్. ఇంగ్లండులో లార్డ్ రేలీ నత్రజనిని తూచుతున్నాడు. గాలి నుంచి తీసిన నత్రజని లీటరు సుమారు 1.257 గ్రాములుంది. రసాయనాల నుంచి తయారు చేసిన నత్రజని సుమారు 1.251 గ్రాములే. తేడా ఆరు మిల్లీగ్రాములు. ఇంకొకరైతే తూకంలో పొరపాటని వదిలేసేవారు. రేలీ వదలలేదు. విలియం రామ్‌సేతో కలిసి 1894లో గాలిలో దాగిన బరువైన వాయువును బయట పెట్టాడు. గాలిలో నూటికి దాదాపు ఒక వంతు ఉంది. మనమంతా పుట్టినప్పటి నుంచి పీలుస్తున్నదే. దేనితోనూ కలవదు గనుక, గ్రీకు భాషలో సోమరి అనే అర్థం వచ్చే మాటతో ఆర్గాన్ అని పేరు పెట్టారు.

మరుసటి ఏడు 1895 మార్చిలో, రామ్‌సే ఇంకా ఆర్గాన్ దొరుకుతుందేమో అని యురేనియం ఉన్న క్లీవైట్ అనే రాయిని ఆమ్లంలో కరిగించాడు. వచ్చిన వాయువును వెలిగించి చూస్తే ఒక పసుపు గీత. సోడియం పక్కనే గాని సోడియం కాదు. 27 ఏళ్ళ కిందట గుంటూరులో, బందరులో సూర్యుడి అంచున కనబడిన గీతే! స్వీడన్‌లో క్లీవ్, లాంగ్లే కూడా ఆ ఏడే దాన్ని విడదీసి, అది ఎంత తేలికో కొలిచారు.

ఇక్కడ అమెరికా వాసి హిల్లెబ్రాండ్ గురించి చెప్పి తీరాలి. ఆయన ఇటువంటి రాళ్ళ నుంచి ఈ వాయువును రామ్‌సే కంటే కొన్నేళ్ళ ముందే రాబట్టాడు. కాని చురుకుదనం లేని వాయువు కనుక నత్రజనే అనుకున్నాడు. తెలిసిన గడిలో పెట్టేసి ఊరుకున్నాడు. తర్వాత రామ్‌సేకు ఉత్తరం రాసి తన చూపు ఎక్కడ తప్పిందో నిజాయితీగా చెప్పుకున్నాడు. ఆయన రాతల జాడ పట్టుకునే రామ్‌సే ఆ రాయి దగ్గరికి వెళ్ళాడన్నది కూడా నిజమే.

1898లో రామ్‌సే, ఆయన శిష్యుడు మోరిస్ ట్రావర్స్ కలిసి ద్రవరూపంలోని గాలి నుంచి క్రిప్టాన్, నియాన్, జినాన్‌లను వరసగా పట్టుకున్నారు. ఈ ట్రావర్స్ తర్వాత మన బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు మొదటి డైరెక్టరుగా వచ్చాడు. మొదట అనుమానించిన మెండలీవ్ కూడా చివరకు ఒప్పుకుని, సంయోగ శక్తి సున్నా గనుక సున్నా గ్రూపు అనే కొత్త నిలువు వరసకు తన పట్టికలో చోటిచ్చాడు. పట్టిక కూలిపోలేదు. పక్కకు జరిగి చోటిచ్చి, మునుపటికంటే గట్టిపడింది. ఆ వరస నేడు 18వ గ్రూపు. కుడి చివర, పైన, 2 అంకెతో హీలియం.

ఇంకా ఒక చిక్కు మిగిలింది. ఆర్గాన్ భారం దాదాపు 40, పొటాషియం భారం 39. భారం వరసలో పెడితే మన కొబ్బరి చెట్ల పొటాషియం పోయి జడవాయువుల్లో కూర్చోవాలి! దీన్ని 1913లో ఇంగ్లండు యువకుడు మోస్లే తీర్చాడు. ఎక్స్-కిరణాలతో పరీక్షించి, అసలు వరస భారానిది కాదు, పరమాణు కేంద్రకంలోని ధనావేశానిది అని చూపాడు. దానినే పరమాణు సంఖ్య అంటాం. ఆర్గాన్‌ది 18, పొటాషియంది 19. మోస్లే 1915లో గల్లిపోలీ యుద్ధంలో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 27 ఏళ్ళు.

మూలకం కాని గీత

గీత కనబడితే చాలు కొత్త మూలకమని చెప్పవచ్చా? ఈ ప్రశ్నకు ఇంకో గ్రహణం జవాబిస్తుంది. గుంటూరు గ్రహణం అయిన ఏడాదికి, 1869 ఆగస్టు 7న, అమెరికాలో సంపూర్ణ గ్రహణం వచ్చింది. సూర్యుడి చుట్టూ ఉండే కరోనా అనే కాంతిలో ఒక ఆకుపచ్చ గీత కనబడింది. తెలిసిన ఏ మూలకానిదీ కాదు. దానికి కరోనియం అని పేరు పెట్టారు. మెండలీవ్ సైతం ముసలితనంలో దానికి ఒక చోటు చూపించాడు. డెబ్బై ఏళ్ళు వెతికినా ఆ వాయువు ఎవరికీ దొరకలేదు. 1940 ప్రాంతంలో తేలిందేమంటే, అది మన ఇనుమే! సూర్యుడి కరోనాలో పది లక్షల డిగ్రీలు దాటిన వేడికి ఇనుప పరమాణువు 13 ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని ఆ గీత ఇస్తోంది.

చూడండి, రెండు గీతలు, ఏడాది తేడా, ఒకే రకం ఆలోచన. ఒకటి నిజమైంది, ఒకటి కాలేదు. పసుపు గీతకు 1895లో పరీక్ష గొట్టంలో సాక్ష్యం దొరికింది. ఆకుపచ్చ గీతకు దొరకలేదు. ఇంకో సాక్ష్యం కూడా ఉంది. మోస్లే తర్వాత పరమాణు సంఖ్యలు 1, 2, 3 అని వరసగా వచ్చాక, ఒకటికీ రెంటికీ మధ్య ఇంకొకరు కూర్చునేందుకు చోటు లేదు. కరోనియంకు గడి లేకపోవడం న్యాయమే అయింది.

ఆ అమ్మాయికి జవాబు

ఇప్పుడు నా బాకీ సంగతి. ఈ పట్టికలో మన దేశంలో కనిపెట్టింది ఒక్కటైనా ఉందా?

అమ్మా, హీలియంను గుంటూరులో కనిపెట్టారు అనడం సరికాదు. జాన్సెన్ కొత్త మూలకం దొరికిందని చెప్పలేదు. గ్రహణం లేకుండా సూర్యజ్వాలలను చూసే దారి అక్కడ కనిపెట్టాడు. పసుపు గీతను ఆ రోజు పలువురు చూశారు. సోడియం చోటనో దగ్గరగానో అని అనుమానం రాసిపెట్టింది బందరులో పోగ్సన్. కొత్త మూలకమని పట్టుబట్టింది లండన్‌లో లాకియర్. భూమి మీద చేతికి తెచ్చింది రామ్‌సే. కాని ఈ కథ మొదటి పుట గుంటూరు, బందరు ఆకాశం మీద రాసి ఉంది. అందుచేత ఏమీ లేదు అనడం కూడా సరికాదు. ఉన్నంత చెప్పుకుంటే మనకు చాలినంత గౌరవం ఉంది. లేనిది కలిపితే ఉన్నది కూడా పోతుంది. నేను చేసిన తప్పు అదే.

ఈ హీలియం నేడు ఎక్కడో సూర్యుడిలో ఉన్న సరుకు కాదు. ఎం.ఆర్.ఐ. యంత్రాలలోని అయస్కాంతాలను చల్లబరచడానికి సున్నా కింద 269 డిగ్రీల దగ్గర ఉండే ద్రవ హీలియం వాడుతూ వచ్చారు. భూమిలోని యురేనియం, థోరియం తరిగిపోతూ హీలియాన్ని పుట్టిస్తాయి. మన భీమునిపట్నం తీరపు ఇసుకలోని మోనజైట్‌లో ఉన్నది ఆ థోరియమే. అలా పుట్టిన హీలియం కొన్ని దేశాల్లో సహజవాయువుతో కలిసి పైకి వస్తుంది. ఖతార్‌లో రాస్ లఫాన్ వద్ద 2005లో ఒకటి, 2013లో ఇంకొకటి హీలియం కర్మాగారాలు మొదలయ్యాయి. మన కోనసీమ కుర్రాళ్ళు ఎందరో గల్ఫ్‌లో ఉన్నారు. ఆ పేరు విన్నప్పుడు ఈ గుంటూరు కథ గుర్తు చేసుకుంటే సంతోషం.

పట్టికలో నేడు 118 మూలకాలున్నాయి. 2016లో చివరగా పేర్లు పెట్టిన నాలుగింటితో ఏడు అడ్డ వరసలూ నిండాయి. ఆఖరుదైన ఓగనెసాన్ హీలియం వరసలోనే అట్టడుగున కూర్చుంది. అలాగని కథ ముగిసిందని కాదు. ఎనిమిదో వరసలోకి వెళ్ళే ప్రయత్నాలు ప్రయోగశాలల్లో సాగుతూనే వచ్చాయి.

సంఘ సభ్యులకు, ముఖ్యంగా తల్లులకు ఒక విన్నపం. మీ పిల్లలు పట్టిక బట్టీ పడుతున్నప్పుడు, ఎన్ని వచ్చాయని అడగడంతో పాటు, ఇది ఈ గడిలోనే ఎందుకుంది అని కూడా ఒకసారి అడగండి. జవాబు తెలియకపోతే తెలియదనే చెప్పనివ్వండి. గడి ఖాళీగా వదిలిన మెండలీవ్‌కు గాలియం దొరికింది. ఖాళీని నత్రజనితో నింపేసిన హిల్లెబ్రాండ్‌కు హీలియం చేతిలోకి వచ్చి కూడా దక్కలేదు. ప్రశ్న అడిగిన పిల్లను "లేదమ్మా, కూర్చో" అన్న ఈ మాస్టారు, ఇన్నేళ్ళకు లేచి నిలబడి జవాబు చెప్పవలసి వచ్చింది.